కాంటా ఆగిన తర్వాత

జూన్ రెండో వారంలో బెంగళూరు నుంచి మెయిల్ వచ్చింది. ఆసుపత్రుల సిబ్బందికి యూనిఫారాలు కుట్టించే కంపెనీ పంపింది. ఏడాదికి నలభై వేల మీటర్ల గుడ్డ కావాలి, అంతా ఒకే రంగులో ఉండాలి. అది బిస్కట్ రంగు. సూరత్ దగ్గర జోల్వాలోని అద్దకం మిల్లు నమూనా ముక్కను ముందే పంపింది, కంపెనీ దాన్ని ఒప్పుకుంది. మిగిలిన షరతు ఒక్కటే. రంగుకు రాసిన రెసిపీ రిప్రొడ్యూసిబుల్ అయి ఉండాలి.

మిల్లు శేఠ్ కలర్ రూమ్‌లో రంగులు తూచే లింగాన్ని పిలిచాడు. అదే రంగు మళ్లీ మళ్లీ తీసి చూపించాలని చెప్పాడు. ఆ మాటకు అంతకు మించి అర్థం ఉంటుందని ఆయన అనుకోలేదు.

లింగానికి యాభై మూడేళ్లు. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. మొదటి మూడేళ్లు లింబాయత్‌లో మగ్గం నడిపాడు. తర్వాత ఈ మిల్లులో చేరాడు. పంతొమ్మిదేళ్లుగా కలర్ రూమ్‌లో కాంటా ముందు నిలబడుతున్నాడు. పాత రంగుల మాస్టర్ రెండేళ్ల క్రితం మానేశాక రెసిపీలు రాసే పని కూడా ఆయన మీదే పడింది.

బిస్కట్ రంగు రెసిపీ ఒక పేజీ. రెండు వందల కిలోల గుడ్డకు పసుపు ఎనభై నాలుగు గ్రాములు, ఎరుపు ముప్పై ఆరు, నీలం ఇరవై రెండు. మూడూ పొడులు. వాటిని తూచి బాల్టీలో పోసి, నీళ్లు, ఆసిడ్ కలిపి జెట్ మిషన్‌కు ఇస్తారు. నూట ముప్పై డిగ్రీల వేడిలో నలభై ఐదు నిమిషాలు గుడ్డ తిరుగుతుంది. ఉతికి ఆరబెట్టిన తర్వాత ఒక ముక్క కోసి స్పెక్ట్రో అనే యంత్రం కింద పెడతారు. ఒప్పుకున్న నమూనాకూ ఈ ముక్కకూ రంగులో ఎంత తేడా ఉందో అది అంకెల్లో చూపిస్తుంది. సున్నా పాయింట్ ఎనిమిది దాటితే ఆ లాట్, అంటే ఆ విడత గుడ్డ అంతా, పనికిరాదు.

లింగం ఏడు లాట్లు తీశాడు. తేడా ఏ లాట్‌లోనూ సున్నా పాయింట్ నాలుగు దాటలేదు. శేఠ్ ఆ ఏడు అంకెలను ఫోటో తీసి బెంగళూరుకు పంపాడు.

మూడో రోజు జవాబు వచ్చింది. మీరు చూపించింది రిపీటబిలిటీ, మేము అడిగింది రిప్రొడ్యూసిబిలిటీ, జూన్ ముప్పయ్యో తేదీలోగా పంపండి అని అందులో రాశారు. శేఠ్ ఆ మెయిల్‌ను శ్రీప్రియకు పంపి, ఇదేమిటో చూడమన్నాడు.

శ్రీప్రియ మిల్లులో క్వాలిటీ చూస్తుంది. ఇరవై ఏడేళ్లు. పుట్టిందీ చదివిందీ సూరత్‌లోనే. తల్లిదండ్రులది కూడా సిరిసిల్ల వైపే కాబట్టి లింగాన్ని కాకా అంటుంది. ఆమె మెయిల్ తీసుకొని కలర్ రూమ్‌కు వెళ్లేసరికి జెట్ మిషన్ నడిపే పరుశురాం అక్కడే ఉన్నాడు. ఆ మాట సంగతి అతనికి అప్పటికే తెలిసింది.

"ఫోన్ల కొట్టి చూసిన లింగన్నా," అన్నాడు పరుశురాం. "పునరుత్పత్తి అని వచ్చింది. ఈ వయసుల నీకు పిల్లలు కావాల్నట శేఠ్‌కు."

లింగం నవ్వలేదు. ఏడు లాట్లు చూపించినంక ఇంకేం చూపించాలని శ్రీప్రియను అడిగాడు.

ఆమె స్టూలు మీద కూర్చొని చెప్పింది. ఒకే మనిషి, ఒకే కాంటా, ఒకే మిషన్ మీద ఏడుసార్లు చేసి ఏడుసార్లు ఒకటే తెస్తే అది రిపీటబుల్. అది ఆ మనిషి చేతిని పరీక్షించడం. వాళ్లు అడిగింది వేరు. ఇంకో ఊళ్లో, ఇంకో మిషన్ మీద, లింగాన్ని ఎన్నడూ చూడని మనిషి ఈ కాగితం ఒక్కటే ముందు పెట్టుకొని చేయాలి. ఫోన్ చేసి అడగకూడదు. రంగు చాలలేదని మధ్యలో కలపకూడదు. అయినా అదే రంగు రావాలి. అప్పుడే రిప్రొడ్యూసిబుల్ అంటారు. ఇక్కడ పరీక్ష కాగితానికి.

"కాయిదంల ఉన్నదే నేను చేస్తున్న," అన్నాడు లింగం. "ఎవలు చేసినా వస్తది. పంపు."

శేఠ్‌కు పల్సానా రోడ్డులో రెండో యూనిట్ ఉంది. అక్కడ రంగులు తూచేది రవీంద్ర, ఒడిశా మనిషి, పదేళ్ల అనుభవం. శ్రీప్రియ కాగితం తీసుకెళ్లి అతనికి ఇచ్చింది. సాయంత్రానికి ముక్క వచ్చింది. తేడా ఒకటి పాయింట్ తొమ్మిది. గుడ్డ లేతగా, పసుపు వైపు తిరిగి ఉంది.

మరునాడు మళ్లీ చేయించింది. రెండు. మూడోసారి ఒకటి పాయింట్ తొమ్మిది.

రవీంద్ర చేతిలోనూ తప్పు లేదని ఆమెకు తోచింది. అతను తీసిన మూడు ముక్కలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి. లింగం తీసిన ఏడూ సరిపోతున్నాయి. ఆ మూడింటికీ ఈ ఏడింటికీ మాత్రమే పొంతన లేదు.

ఆమె ఒక్కొక్కటీ మార్చి చూసింది. జోల్వా నీళ్లు క్యాన్లలో తీసుకెళ్లి చిన్న మిషన్ మీద చేయించింది. అదే తేడా. నూరు గ్రాముల తూకం రాయి రెండు యూనిట్ల కాంటాల మీదా పెట్టింది. రెండూ నూరే చూపించాయి. మిషన్ల వేడి కొలిపించింది. అరడిగ్రీ తేడా కూడా లేదు. బిస్కట్ రంగు కోసం లింగం విడిగా ఉంచుకున్న మూడు డబ్బాలనే ఆటోలో తీసుకెళ్లి రవీంద్రతో ఒక లాట్ తూయించింది. ఒకటి పాయింట్ తొమ్మిది. డబ్బాలు వెనక్కి తెచ్చి పెట్టింది.

మార్చని వస్తువు ఒక్కటే మిగిలింది. కాగితం.

శేఠ్‌కు ఆమె ఈ మాట చెప్పేసరికి ఇరవై నాలుగో తేదీ, బుధవారం. ఆయన ఆమెను ఇంకేమీ అడగలేదు. లింగాన్ని ఆఫీసుకు పిలిపించాడు.

సూరత్ మిల్లుల్లో మాస్టర్లు రెండు రెసిపీలు పెట్టుకోవడం కొత్త కాదు. రిజిస్టర్‌లో ఒకటి ఉంటుంది, జేబులోని డైరీలో ఇంకొకటి ఉంటుంది. డైరీలో ఉన్నదే అసలుది. మాస్టర్ మానేస్తే డైరీ అతనితోనే వెళ్లిపోతుంది కాబట్టి శేఠ్‌లు మాస్టర్లను మాన్పించరు. ఈ శేఠ్ కూడా ఒకసారి అలా దెబ్బ తిన్నాడు.

"సచ్ బోలో, లింగంభాయ్," అన్నాడు. "డైరీ ఎక్కడ?"

డైరీ లేదని లింగం చెప్పాడు. రాసిందే తూచాను, తూచిందే రాశాను అన్నాడు. హిందీలో రెండుసార్లు, తెలుగులో ఒకసారి చెప్పాడు. శేఠ్ గొంతు పెంచలేదు. శనివారంలోగా కాగితం సరిచేసి ఇవ్వాలి, ఆ కాగితంతో రవీంద్ర చేతుల మీద రంగు రావాలి, రాకపోతే సోమవారం పనికి రానక్కర్లేదు అన్నాడు. పంతొమ్మిదేళ్లు నమ్మినందుకు ఇది ఫలితమా అని కూడా అన్నాడు.

లింగం డిండోలిలోని తన ఇల్లు చేరేసరికి దీపం పెట్టే వేళయింది. ఆ కబురు ఆయనకన్నా ముందే చేరింది. పరుశురాం భార్య చెప్పిందని లింగం భార్య వినోద అంది. ఏదో దాచిపెట్టావని అంటున్నారు, నిజమేనా అని భర్తను అడిగింది.

"నువ్వు సుత అడుగుతున్నవా," అన్నాడు లింగం.

"నేను అడగకుంటే ఎవలడుగుతరు. రాసేటప్పుడు ఏమన్న మర్శిపోయినవేమో జర యాది చేసుకో."

ఆయన జేబులోంచి కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. మూడు రంగులు, మూడు అంకెలు. మరిచిపోవడానికి అందులో ఏముందో చూపించమన్నాడు. ఆమె కాగితం మడిచి ఇచ్చేసింది. అన్నం తినమని రెండుసార్లు అంది. మూడోసారి అనలేదు.

గురువారం ఉదయం శ్రీప్రియ మాస్కు కట్టుకొని కలర్ రూమ్ లోపలికి వచ్చింది. మామూలుగా ఆమె బయటే నిలబడి అంకెలు రాసుకుంటుంది. పొడి లేస్తుందని లోపలికి ఎవరూ రారు. ఈసారి అంకెలు కాదు, చేసే పని అంతా రాస్తానంది. నోట్‌బుక్ తెరిచి కాంటా పక్కన నిలబడింది.

"నా మీద కావలి పెట్టిన్రా," అన్నాడు లింగం.

"నీ మీద కాదు కాకా. పని మీద."

"రెండు ఒకటే."

ఆయన డబ్బా మూత తీశాడు. ఆమె రాసింది. ట్రే కాంటా మీద పెట్టి సున్నా చేశాడు. రాసింది. చెంచాతో పసుపు పొడి తీసి ట్రేలో వేశాడు. ఎనభై ఒకటి, ఎనభై మూడు, ఎనభై నాలుగు. అంకె ఆగేదాకా ఆగాడు. ట్రే ఎత్తి బాల్టీలో వంచాడు. ట్రే అంచు రెండుసార్లు తట్టాడు. ఇదంతా రాస్తూ ఉన్న శ్రీప్రియ పెన్ను ఆపింది.

"కాకా, ఇప్పుడేం వేసినవ్?"

"పసుపు. ఎనభై నాలుగు. రాస్కో."

"అది రాసిన. దాని తర్వాత."

"తర్వాత ఏముంది. ఎరుపు తూయాలె."

"చెంచతోని డబ్బాలకెల్లి మళ్ల తీసి బాల్టీల వేసినవ్."

"నేనా? లేదు."

ఆమె ఎరుపు తూయమంది. ఆయన విసుగ్గానే తూచాడు. ముప్పై ఆరు. అంకె ఆగింది. ట్రే బాల్టీలో వంచి తట్టాడు. ట్రే కింద పెడుతుండగానే కుడిచేయి డబ్బాలోకి వెళ్లింది. చెంచా కొసన కాస్త పొడి తీసి బాల్టీలోకి విదిల్చింది. ఈసారి ఆయన కూడా చూశాడు. చెంచా బాల్టీ మీదే ఆగిపోయింది.



"అది కొసరు," అన్నాడు లింగం.

"కొసరా?"

"కొసరే. తూకం అయినంక వేసేది. అది లెక్కల రాదు బిడ్డా."

శ్రీప్రియకు ఆ మాట తెలుసు. వాళ్లమ్మ లింబాయత్ మార్కెట్‌లో వంకాయలు తూచాక సంచి అలాగే తెరిచి పట్టుకొని నిలబడుతుంది. గుజరాతీ మనిషి అయినా, మరాఠీ మనిషి అయినా ఇంకో కాయ వేసేదాకా కదలదు. లింగం వైపు నుంచి కూడా సంగతి అంతే. మగ్గం ఎక్కకముందు ఆయన తల్లి ఎల్లవ్వ సిరిసిల్ల అంగట్లో చింతపండు, ఎండుమిర్చి అమ్మేది. కాంటా పట్టేది ఆయనే. తూకం సరిగా ఇవ్వడం ఒక పని, ఇచ్చాక పిడికెడు వేయడం ఇంకో పని. రెండోదాన్ని ఎవరూ తూచేవారు కాదు. తూస్తే అది కొసరు కాదు.

"ఎవరికి కాకా కొసరు? మిషన్‌కా?"

"ఎవలకైతేంది," అన్నాడు లింగం. మొహం ఎర్రబడింది. "ఉత్త తూకం ఇస్తరా ఎవలన్న?"

ఆమె నోట్‌బుక్‌లో లెక్క వేసింది. కొసరు ఐదు గ్రాములనుకుంటే ఎనభై నాలుగు గ్రాముల పసుపులో అది నూటికి ఆరు వంతులు. ఇరవై రెండు గ్రాముల నీలంలో ఇరవై మూడు వంతులు. పసుపు కాస్త పెరుగుతుంది, నీలం బాగా పెరుగుతుంది. రవీంద్ర గుడ్డ పసుపుగా రావడానికి కారణం ఇదే. కంపెనీ ఒప్పుకున్న నమూనాలోనే కొసరు ఉంది. కాగితంలో లేదు.

శేఠ్‌కు ఆమె గుజరాతీలో చెప్పింది. కూరగాయలతో పాటు కొత్తిమీర ఊరికే వేయించుకునే ఊరు అది. ఆయనకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అయితే ఆ కొసరు ఎంత, కాగితంలో రాయండి అన్నాడు.

ఎంతో ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం శ్రీప్రియ పనిలో లేని ఒక డబ్బా తెచ్చింది. ట్రే కాంటా మీద పెట్టి, బాల్టీ అనుకొని కొసరు వేయమంది. లింగం వేశాడు. మూడు గ్రాములు. మళ్లీ వేయమంది. ఎనిమిదిన్నర. మళ్లీ. రెండు. పదిసార్లు వేస్తే పది అంకెలు వచ్చాయి. తొమ్మిదోది పదకొండు గ్రాములు.

"రోజూ వేసినట్టు వెయ్ కాకా."

"రోజు వేసినట్టే వేస్తున్న."

"ఇట్ల వేస్తే ఏడు లాట్లు ఒక్కతీరు ఎట్ల వచ్చినయి?"

"నువ్వు చూస్తుంటే రాదు," అన్నాడు లింగం. చెంచా బల్ల మీద పడేశాడు. "చూడకుంటెనే వస్తది."

"చూడకుంటే నాకెట్ల తెలుస్తది?"

ఆయన బయటికి వెళ్లి కొళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. రంగు పోయాక కూడా కడుగుతూనే ఉన్నాడు. పంతొమ్మిదేళ్లు తప్పు చేయని చేయి ఒక్క పూటలో పనికి రాకుండా పోయింది. దాన్ని పాడు చేసింది శేఠా, బెంగళూరు వాళ్లా, ఈ పిల్లా అన్నది ఆయనకు తేలలేదు. దాచిపెట్టలేదని తేలినందుకు సంతోషించాలి. ఆ సంతోషం రాలేదు. దొంగ అన్నా పోయేది అనిపించింది. దొంగకు తను చేసింది తెలుస్తుంది.

శ్రీప్రియ కలర్ రూమ్‌లోనే ఉండిపోయింది. బిస్కట్ రంగుకు విడిగా ఉంచిన మూడు డబ్బాల మీద తెరిచిన రోజు బరువు రాసి ఉంది. అది లింగం అలవాటే. ఆ డబ్బాల్లోంచి ఇప్పటికి పదమూడు లాట్లు తీశారు. నమూనా కోసం నాలుగు, శేఠ్ కోసం ఏడు, ఈరోజు ఒకటి లింగం తీశాడు. ఒకటి రవీంద్ర తీశాడు. పదమూడు లాట్లకు నీలం కాగితం ప్రకారం రెండు వందల ఎనభై ఆరు గ్రాములు తగ్గాలి. ఆమె డబ్బా తూచింది. మూడు వందల నలభై ఏడు తగ్గింది. అరవై ఒక్క గ్రాములు ఎక్కువ. లింగం తీసిన పన్నెండు లాట్లతో భాగించింది. ఐదు పాయింట్ ఒకటి. పసుపుకు ఐదు వచ్చింది. ఎరుపుకు ఐదు పాయింట్ మూడు.

ఈరోజుది తప్ప మిగిలినవన్నీ ఎవరూ చూడనప్పుడు వేసిన చేయి అది. ఆమె ఆ అంకెలు లింగానికి చూపించింది. మూడు రంగులకూ ఒకటే కొసరు వేశావు కాకా అంది. ఆయన చూసి సరే అన్నాడు.

కొత్త కాగితం ఆమె రాసింది. పసుపు ఎనభై తొమ్మిది, ఎరుపు నలభై ఒకటి పాయింట్ మూడు, నీలం ఇరవై ఏడు పాయింట్ ఒకటి. శుక్రవారం రవీంద్ర ఆ కాగితంతో లాట్ తీశాడు. తేడా సున్నా పాయింట్ నాలుగు. శనివారం ఇంకోటి తీశాడు. సున్నా పాయింట్ ఐదు. శేఠ్ లింగాన్ని సోమవారం పనికి రమ్మని పరుశురాంతో చెప్పి పంపాడు. డైరీ సంగతి మళ్లీ ఎత్తలేదు. బుధవారం అన్న మాటలు వెనక్కి తీసుకోనూ లేదు.

చివరి పత్రం మంగళవారం, ముప్పయ్యో తేదీన పంపాలి. రెండు యూనిట్ల నుంచి, ఒకే కాగితంతో, చెరి రెండు ముక్కలు. రవీంద్రవి సిద్ధంగా ఉన్నాయి. జోల్వా ముక్కలు మిగిలాయి.

సోమవారం ఉదయం లింగం కొత్త కాగితం గోడకు అంటించి తూచాడు. అంకెలు చూసి తూచాడు. తేడా ఒకటి పాయింట్ నాలుగు వచ్చింది. గుడ్డ ముదురుగా, బూడిద వైపు తిరిగి ఉంది. స్పెక్ట్రో ముందు నిలబడిన శ్రీప్రియ ఆయన మొహం చూసింది. కొసరు వేశావా అని అడగలేదు. అడిగినా ఆయనకు తెలియదు.

రెండో లాట్‌కు ఆమె వెనకే నిలబడింది. పసుపు వంచాక చేయి కదిలింది. కాకా అంది. చేయి ఆగింది. ఎరుపు వంచాక కదిలింది. కాకా అంది. నీలం దగ్గర ఆమె ఫోన్ మోగింది. ఒక క్షణం అటు చూసింది. తేడా సున్నా పాయింట్ తొమ్మిది.

శేఠ్ ఈసారి గొంతు పెంచాడు. రెండు వందల కిలోల గుడ్డ రెండుసార్లు పాడయింది. పరుశురాంను కాంటా ముందు పెట్టు, లింగాన్ని గుడ్డలు మడిచే మడతల ఖాతాకు పంపు అని శ్రీప్రియతో అన్నాడు. ఆమె మంగళవారం పొద్దున దాకా గడువు అడిగింది. మొదటి లాట్ పోతే మాత్రం ఇక తన మాటలో మార్పు ఉండదని ఆయన చెప్పాడు.

ఆ సాయంత్రం లింగం ఆమె టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా కాయిదం నాకియ్యి," అన్నాడు. "ఎనభై నాలుగు రాసి ఉన్న పాతది. అదే రంగు తీసి నీ చేతుల పెడత."

"తీస్తవ్ కాకా. నాకు తెలుసు."

"ఇంకేంది మరి. ఆ పల్సానా పిలగాడు ఎనభై తొమ్మిది చూసి తూస్తడు. నేను ఎనభై నాలుగు చూసి తూస్త. రంగు ఒకటే వస్తుంటే కాయిదాలు రెండుంటే వాళ్లకేం పోతది?"

"నీ కాగితం నీకొక్కనికే పని చేస్తది. నువ్వు రాని రోజు దాన్ని చూసి ఎవరు తూస్తరు?"



"అంటే నేను లేని రోజు కోసం చేస్తున్నరు ఇదంత."

"అవును కాకా," అంది శ్రీప్రియ. "ఆ మాటకు అర్థం అదే."

మొదటిసారే ఇట్ల చెప్పవలసింది అన్నాడు ఆయన. పిల్లలు పుడతరని పరుశురాం చెప్పిన అర్థమే నయం అన్నాడు. వెళ్లిపోయాడు.

మంగళవారం ఆయన అందరికన్నా ముందు వచ్చాడు. శ్రీప్రియ వచ్చేసరికి కలర్ రూమ్ తలుపు లోపలి నుంచి వేసి ఉంది. బాల్టీ లోపల లేదు. మిషన్ల వైపున్న గోడకు చిన్న కిటికీ ఉంది. దాని కింద, బయట, స్టూలు మీద బాల్టీ పెట్టి ఉంది. పక్కన పరుశురాం నిలబడి ఉన్నాడు. తనను ఎందుకు నిలబెట్టారో తెలియదని చెప్పాడు. లోపలి నుంచి ట్రే ఇస్తే బాల్టీలో పోయమన్నాడట లింగం.

ఆమె తలుపుకున్న అద్దంలోంచి లోపలికి చూసింది. లింగం పసుపు తూచాడు. ఎనభై తొమ్మిది. అంకె ఆగింది. ట్రే కిటికీలోంచి బయటికి ఇచ్చాడు. పరుశురాం బాల్టీలో వంచి, తట్టి, ట్రే వెనక్కి ఇచ్చాడు. లింగం చేయి డబ్బాలోకి వెళ్లింది. చెంచా కొసన పొడి తీసింది. బాల్టీ ఉండవలసిన చోటికి వచ్చింది. అక్కడ నేల ఉంది. చెంచా కాసేపు అక్కడే ఉంది. తర్వాత ఆయన దాన్ని డబ్బాలోకి తిరిగి వంచి మూత పెట్టాడు.

ఎరుపు దగ్గరా అంతే. నీలం దగ్గరా అంతే. మూడుసార్లూ చేయి తీసింది, మూడుసార్లూ ఆయన వెనక్కి వేశాడు. శ్రీప్రియ నోట్‌బుక్ తెరవలేదు.

పదకొండు గంటలకు ముక్క ఆరింది. సున్నా పాయింట్ మూడు. శేఠ్ అంకె చూసి, రెండోది కూడా ఇలాగే తీసి నాలుగింటిలోగా పంపమన్నాడు. మడతల ఖాతా మాట మళ్లీ రాలేదు. కిటికీ విషయం కాగితంలో రాయాలా అని శ్రీప్రియ ఒక నిమిషం ఆలోచించింది. చదివేవాళ్లకు అది అవసరం లేదు. రాయలేదు.

రెండో లాట్‌కు లింగం మళ్లీ తలుపు వేసుకున్నాడు. పసుపు తూచి ట్రే బయటికి ఇచ్చాడు. పరుశురాం దాన్ని బాల్టీలో వంచాడు. ట్రే వెనక్కి ఇచ్చి, బాల్టీని రెండు చేతులా ఎత్తి కిటికీకి ఆనించాడు.

"లింగన్నా," అన్నాడు. "కొసరు?"

లింగం చేతిలో చెంచా ఉంది. చెంచాలో పొడి ఉంది. ఆయన పరుశురాం వైపు చూశాడు, బాల్టీ వైపు చూశాడు. ఎడమచేత్తో కిటికీ రెక్క లాగి వేశాడు. పొడిని డబ్బాలోకి వంచి, ఎరుపు డబ్బా ముందుకు జరుపుకొని, కాంటాను సున్నా చేశాడు.